చిన్నాయనకు డ్రోన్ అబద్ధం, నీళ్ల మిషన్ నిజం

ప్రశ్న: అక్కా, మాది చండూరు దగ్గర ఒక ఊరు. ఆరెకరాల పత్తి చేను, బోరు కింద కొంచెం బత్తాయి తోట ఉంది. పోయిన నెల మా ఊళ్లో డ్రోన్‌తో మందు కొట్టి చూపించారు. ఎకరం ఐదు నిమిషాల్లో అయిపోయింది. వీడియో తీసి ఇంట్లో చూపిస్తే మా నాయన సగం కూడా చూడకుండా "అంతా పబ్లిసిటీ, పైసలు గుంజే కత" అన్నాడు. మా చిన్నాయన అయితే "ఇదే డ్రోన్ మా పార్టీ వాళ్లు తెచ్చి ఉంటే మంచిగ పనిచేసేది" అని నవ్వాడు. ఇదే చిన్నాయన రెండేళ్ల కింద మా పెద్దమ్మ ఊరి పిల్లగాడు ఇంటికొచ్చి రెండు గ్లాసుల నీళ్లు చూపిస్తే అక్కడికక్కడే పద్దెనిమిది వేలు పెట్టి నీళ్ల మిషన్ కొన్నాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అన్నకేమో కొత్తది ఏదొచ్చినా ప్రపంచం మారిపోయినట్టే. నేను డ్రోన్ పైలట్ ట్రైనింగ్‌కు పేరిచ్చాను, తర్వాత లోన్ మీద ఒకటి తీసుకుందామనుకుంటున్నా. మావాళ్లకు టెక్నాలజీ మీద ఉన్న ఈ అపనమ్మకాన్ని ఎట్లా పోగొట్టాలి?

సమాధానం: తమ్ముడూ, డ్రోన్ గురించి, చిన్నాయన గురించి, అన్న గురించి బోలెడంత రాశావు. లోన్ గురించి మాత్రం ఒక్క ముక్క, అదీ ఏదో దారిన పోతూ చెప్పినట్టు చివర్లో పడేశావు. ఇంట్లో కూడా ఇట్లాగే చెప్పి ఉంటావని నా అనుమానం. దాని సంగతికి వస్తాను. ముందు ఆ నీళ్ల మిషన్ లెక్క తేలుద్దాం, ఎందుకంటే నువ్వు దాన్ని చిన్నాయనను ఎత్తిపొడవడానికి రాశావు కానీ అందులో నీకు పనికొచ్చేదే ఎక్కువ ఉంది.

ఆ పిల్లగాడు ఏం చేసి ఉంటాడో చెప్తా, సరిపోయిందో లేదో చూసుకో. ఒక గ్లాసులో మీ బోరు నీళ్లు, ఇంకో గ్లాసులో మిషన్ నీళ్లు పోస్తాడు. కడ్డీలు వేలాడే ఒక చిన్న పెట్టె తీసి రెండు గ్లాసుల్లోనూ ఒక్కో జత ముంచి స్విచ్ వేస్తాడు. కాసేపటికే బోరు నీళ్లు రంగు తిరిగి, మట్టిలాగా అయి, పైన తెట్టు కట్టి, చూస్తేనే కడుపులో దేవినట్టు తయారవుతాయి. మిషన్ నీళ్లు మాత్రం తేటగా అట్లాగే ఉంటాయి. "ఇన్నాళ్లూ పిల్లలకు తాగించింది ఇదే" అంటాడు. ఇంట్లో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, బేరం అక్కడితో అయిపోయినట్టే.

అసలు జరిగిందేంటంటే, ఆ జతలో ఒకటి ఇనుప కడ్డీ. బోరు నీళ్లలో లవణాలు ఉంటాయి కాబట్టి కరెంటు పారుతుంది, కరెంటు పారితే ఇనుము కరిగి తుప్పు అవుతుంది. ఆ రంగు నీళ్లలోంచి రాలేదు, కడ్డీలోంచి వచ్చింది. మీ చిన్నాయన కొన్నది ఆర్వో మిషన్, అంటే నీళ్లను సన్నని పొర గుండా తోసి లవణాలను వడగట్టేది. ఆ నీళ్లలో లవణాలు చాలా తక్కువ, కరెంటు సరిగా పారదు, కడ్డీ కరగదు, అందుకని నీళ్లు తేటగానే కనిపిస్తాయి. ఈసారి ఎవరైనా ఆ పెట్టె పట్టుకుని వస్తే తేట నీళ్ల గ్లాసులో చిటికెడు వంట ఉప్పు వేసి మళ్లీ స్విచ్ వెయ్యమను. అవీ అదే రంగుకు తిరుగుతాయి. అప్పుడు ఆ పిల్లగాడి ముఖం ఏ రంగుకు తిరుగుతుందో అదీ చూడు.

"చూశావా, చిన్నాయన మోసపోయాడు" అని ఇప్పుడు నువ్వు అనుకుంటుంటావు. తొందరపడకు. డెమో అబద్ధమే, కానీ మిషన్ అబద్ధం కాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ గురించి మీకు నేను చెప్పేదేముంది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించొద్దని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణం. సేల్స్‌మన్ల దగ్గర ఉండే టీడీఎస్ పెన్ను నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఒక అంకె చూపిస్తుంది, వందల్లో ఉండే ఆ అంకెలో ఫ్లోరైడ్ ఒకటి ఉందో నాలుగు ఉందో దానికి తెలియదు. ఆర్వో మాత్రం ఫ్లోరైడ్‌ను నిజంగానే చాలావరకు తీసేస్తుంది. అంటే చిన్నాయన తప్పుడు కారణానికి కొన్న వస్తువు మీ మండలంలో పనికొచ్చే వస్తువే కావచ్చు. అవునో కాదో తేలాలంటే మీరు తాగేది బోరు నీళ్లా, నల్లాలో వచ్చే కృష్ణ నీళ్లా, అందులో ఫ్లోరైడ్ ఎంత అన్నది తెలియాలి. అది గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో సీసాడు నీళ్లు ఇచ్చి చేయించుకునే పరీక్ష. డెమో చూసి నమ్మినవాళ్లూ చేయించలేదు, డెమో చూసి నవ్వినవాళ్లూ చేయించలేదు.

ఇక్కడే ఇంకో మాట. మన జిల్లా పేరు మీదే నల్లగొండ టెక్నిక్ అని ఒకటుంది, నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు తయారుచేసిన పద్ధతి. నీళ్లలో పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేసి కలియబెట్టి, తేర్చి, వడగడితే ఫ్లోరైడ్ చాలావరకు బురదతో పాటు అడుగుకు పోతుంది. చూడ్డానికి అందులో ఏ తమాషా లేదు. కెమిస్ట్రీ బాగానే పనిచేసింది, కానీ రోజూ మోతాదు చూసి కలిపే మనిషి, అడుగున చేరిన బురదను ఎత్తిపోసే మనిషి లేని చోట నడవలేదు. టెక్నాలజీ పబ్లిసిటీలో ఎప్పుడూ కనపడనిది ఆ బురద ఎత్తిపోసే మనిషి. నీ డ్రోన్ వీడియోలో కూడా ఆ మనిషి లేడు, ఒకసారి మళ్లీ పెట్టి చూసుకో.

ఇక చిన్నాయన. ఆయనకు అనుమానించడం రాదని కాదు, ఎవరి మీద అనుమానపడాలో ఆయన ముందే తేల్చుకుని కూర్చున్నాడు. మన పెద్దమ్మ ఊరి పిల్లగాడు చెప్తే నిజం, అవతలి పార్టీ వాళ్లు తెస్తే బోగస్. నవ్వులాటకు అన్నా సరే ఆ మాట పైకి అన్నందుకు నాకు ఆయన మీద కొంత గౌరవమే కలిగింది. మనలో చాలామంది లోపల అదే పెట్టుకుని పైకి మాత్రం "నేను సైన్సు చూసి మాట్లాడతా" అంటాం.

దీని మీద ఒక పాత ప్రయోగం ఉంది. 1979లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు చేశారు. ఉరిశిక్ష ఉండాలనే విద్యార్థులు 24 మంది, వద్దనే విద్యార్థులు 24 మంది. అందరికీ రెండు పరిశోధనల వివరాలు చదవమని ఇచ్చారు. ఉరిశిక్ష వల్ల హత్యలు తగ్గాయని ఒకటి, తగ్గలేదని ఇంకొకటి. రెండూ ఆ ప్రయోగం కోసం అల్లినవే, ఆ సంగతి చదివేవాళ్లకు తెలియదు. తమ మాటకు సరిపోయిన పరిశోధనను చదివి "పద్ధతి బాగుంది" అన్నారు, సరిపోనిదాన్ని చదివి "ఇందులో లెక్క తప్పు, అందులో పోలిక తప్పు" అని బొక్కలు వెతికారు. చివరికి రెండు వర్గాలూ కొంచెమైనా దగ్గరికి రాకపోగా, మొదటికన్నా గట్టిగా తమ మాట మీదే ఉన్నామని చెప్పారు. బొక్కలు వెతికే తెలివి అందరికీ ఉంది, నచ్చినదాని జోలికి మాత్రం ఆ తెలివి పోదు.

నువ్వు ఇందులో లేవనుకోకు. నీళ్ల మిషన్‌ను చూడగానే అనుమానించావు, డ్రోన్‌ను చూడగానే వీడియో తీశావు. డ్రోన్ వాళ్ల డెమో కూడా డెమోనే కదా? మీ అన్న కూడా అంతే. ఆయన ఫీల్డులో రోజూ వచ్చే వీడియోల సంగతే తీసుకో. 2018లో అమెరికాలో నికోలా అనే కంపెనీ తన కొత్త లారీ రోడ్డు మీద దూసుకుపోతున్న వీడియో పెట్టింది. ఆ లారీకి సొంతంగా నడిచే శక్తే లేదని, ఏటవాలు రోడ్డు పైకి లాక్కుపోయి వదిలేశారని 2020లో బయటపడింది. లారీ కదిలిన మాట మాత్రం నిజమే! 2023 డిసెంబర్‌లో గూగుల్ తన ఏఐ ప్రోగ్రామ్ జెమినీ, ఒక మనిషి గీస్తున్న బొమ్మను చూస్తూ అప్పటికప్పుడు మాట్లాడుతున్నట్టు ఒక వీడియో వదిలింది, తర్వాత అది అట్లా జరగలేదని, విడి ఫొటోలు ఇచ్చి, ప్రశ్నలు టైపు చేసి రాబట్టిన జవాబులను అతికించామని చెప్పుకోవాల్సి వచ్చింది. అయినా జెమినీ ఉత్తది కాదు, ఇవాళ కోట్ల మంది వాడుతున్నారు. ఒకచోట వీడియో బోగస్, వస్తువూ బోగస్. ఇంకోచోట వీడియోకు మెరుగులు దిద్దారు, వస్తువు మాత్రం పనిచేసింది. వీడియో చూసి ఏది ఏదో చెప్పగలమా? మీ అన్న చెప్పలేడు, నేనూ చెప్పలేను. అట్లాగని అన్నిటినీ కొట్టిపారేస్తే తెలివైనవాళ్లం అయిపోతామా అంటే అదీ లేదు. 2016లో యూపీఐ వచ్చినప్పుడు "మన పల్లెల్లో ఎవరు వాడతారు" అన్నవాళ్లే ఇవాళ అంగట్లో కూరగాయలు తూచి స్కాన్ చెయ్యమంటున్నారు.

మీ నాయన సంగతి వేరు. ఆయనను చిన్నాయనతో కలిపి ఒకే గాట కట్టేశావు, అది నాకు నచ్చలేదు. పత్తి వేసే ఇంట్లో పుట్టి, పత్తి రైతుకు కొత్త టెక్నాలజీ మీద అనుమానం ఎందుకని అడుగుతున్నావా? బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. అప్పుడు మీ నాయన ఇంచుమించు ఇప్పుడు నువ్వున్న వయసులో ఉంటారు. పురుగు రాదు, మందు కొట్టే పని తగ్గుతుంది అన్నారు. ఏ పురుగు? కాయ తొలిచే పురుగు. ఆ విత్తనంలోని విషం పనిచేసేది గొంగళి పురుగుల జాతి మీదే. పచ్చదోమ, తెల్లదోమ, తామర పురుగు లాంటి రసం పీల్చేవాటిని అది ఏమీ చెయ్యదు. ప్రచారంలో ఆ ముక్క ఎంత చిన్నగా వినపడి ఉంటుందో ఊహించుకో. మొదట్లో ఇచ్చిన మూడు రకాలను 2005లో కేంద్ర కమిటీ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆపేసింది. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలకు పైనే ఉండేది, రాష్ట్ర ప్రభుత్వం పోట్లాడితే 2006లో 750కి దిగింది. గుజరాత్‌లో గులాబీ పురుగు మొదటి రకం బీటీని తట్టుకుంటోందని 2010లో ఆ విత్తనం కంపెనీ మోన్‌శాంటోయే ఒప్పుకుంది. 2006లో వచ్చిన రెండో రకం బీటీనీ ఆ పురుగు లెక్కచేయని రోజు తర్వాత వచ్చింది, అది మీ చేనులోనే చూసి ఉంటావు.

అట్లాగని బీటీ అంతా మోసం అంటే అదీ సగం మాటే. మొదటి ఏళ్లలో పచ్చపురుగు మీద మందుల ఖర్చు తగ్గింది, దేశంలో పత్తి దిగుబడి ఆ కాలంలో పెరిగింది కూడా, అందులో విత్తనం వాటా ఎంత, నీళ్లు ఎరువుల వాటా ఎంత అన్న తగాదా ఇంకా తెగలేదు. మీ నాయన కూడా బీటీని తిట్టుకుంటూనే ఏటా ఆ ప్యాకెట్లే తెస్తారు, అవునా? కాబట్టి ఆయనది టెక్నాలజీ మీద అపనమ్మకం కాదు. చెప్పినదానికీ చేతికొచ్చినదానికీ మధ్య తేడాను తన పెట్టుబడితో కట్టిన మనిషి ఆయన. ఆయన అనుమానాన్ని పోగొట్టడం నీ పని కాదు, దాన్ని పనికి పెట్టుకో.

ఎట్లా అంటే డ్రోన్ దగ్గరికే వద్దాం. ఐదు నిమిషాలన్నది ఎగిరిన టైము. నీళ్లు తేవడం, మందు కలపడం, బ్యాటరీ మార్చడం, చేను హద్దులు గుర్తించడం, మధ్యలో కరెంటు తీగలు, వేప చెట్టు చూసుకోవడం అందులో లేవు. మామూలు పంపుతో కొడితే ఎదిగిన పత్తికి ఎకరాకు 150 నుంచి 200 లీటర్ల నీళ్లు పడతాయి, డ్రోన్ పది లీటర్ల లోపే ముగిస్తుంది. అంటే అదే మందు చాలా చిక్కగా, సన్న తుంపరగా పడుతుంది. మరి తెల్లదోమ, పచ్చదోమ ఉండేది ఆకు పైన కాదు, అడుగున. రెక్కల గాలికి ఆకు తిరగబడి అడుగుకూ మందు తగులుతుందని ఆపరేటర్లు అంటారు, అది కొంతవరకు నిజమే, కానీ చేను ఎంత గుబురుగా ఉంది, డ్రోన్ ఎంత ఎత్తులో ఎంత వేగంతో పోతోంది అన్నదాన్ని బట్టి మారుతుంది. గాలి ఉంటే మీ మందు పక్కవాళ్ల చేనుకు పోతుంది. ఇవి మీ నాయన అడగాల్సిన ప్రశ్నలు.

ఆయన కొట్టిపారేసిన వైపు కూడా ఒక బరువైన సంగతి ఉంది. మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొడుతూ ఆ విషం ఒంటికెక్కి 20 మంది దాకా చనిపోయారు. మనిషెత్తు పెరిగిన చేనులో, ముఖానికి తువ్వాల చుట్టుకుని, ఎదురుగాలికి మందు కొట్టే మనిషిని ఆ విషం నుంచి దూరంగా గెట్టు మీద నిలబెట్టడం డ్రోన్ నిజంగా చేసే మేలు. ఐదు నిమిషాల కన్నా ఇది చాలా పెద్ద మాట, ఎందుకో పబ్లిసిటీలో మాత్రం ఐదు నిమిషాలే ముందుకొస్తుంది.

అందుకని వీడియోలు చూపించడం మానెయ్. ఈ సీజన్లో మందు కొట్టాల్సి వచ్చినప్పుడు ఒక ఎకరాన్ని రెండు చేసి, సగం డ్రోన్‌తో, సగం మీ పంపుతో, అదే మందు, అదే మోతాదు, అదే రోజు కొట్టించు. ఏ సగం దేనికో మీ నాయననే చెప్పమను, నువ్వు ఎంచుకుంటే పలచగా ఉన్న వైపు డ్రోన్‌కు ఇచ్చావంటారు, ఇచ్చినా ఇస్తావు. నీటిచుక్క పడిన చోట పసుపు రంగు పోయి నీలంగా మారే చిన్న కాగితాలు దొరుకుతాయి, తుంపర ఎక్కడ పడిందో చూడ్డానికి వాడేవి. కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలోనో మీ ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి)నో అడిగి చూడు. మంచు ఆరాక, చేతులు తుడుచుకుని (చెమట తగిలినా నీలమైపోతాయి), మొక్క పైన, నడుమ, కింద ఆకులకు, కొన్నిటిని తప్పకుండా ఆకు అడుగున, పిన్ను చెయ్యి. మందు కొట్టాక, ఆకులు పూర్తిగా ఆరాక, గ్లౌజులు వేసుకుని తీసి రెండు వైపులవీ పక్కపక్కన అట్ట మీద అతికించి ఆయన ముందు పెట్టు, నువ్వేమీ మాట్లాడకు. కొట్టే ముందు, మూడో రోజు, వారానికి, రెండు వైపులా అన్నే మొక్కలు పట్టుకుని ఒక్కో మొక్కకు మూడేసి ఆకులు తిప్పి పురుగులు లెక్కపెట్టండి. లెక్కపెట్టే పని చిన్నాయనకు అప్పజెప్పు. ఆయనకు డ్రోన్ ఓడిపోవాలని ఉంది కాబట్టి ఒక్క దోమనూ వదలడు.

అన్నిటికన్నా ముందు, డ్రోన్ చేనులోకి రాకముందే, ఏం కనిపిస్తే ఒప్పుకుంటామో ముగ్గురూ ఒక కాగితం మీద రాసుకోండి. నువ్వు కూడా రాయాలి. ఆకు అడుగు కాగితాలు పసుపుగానే మిగిలిపోతే నువ్వు ఏమంటావు? "ఆ రోజు గాలి ఉంది" అంటావా?

ఇప్పుడు లోన్. కేంద్రం 2023లో మహిళా సంఘాలకు 15,000 డ్రోన్లు ఇచ్చే పథకం ప్రకటించి 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల దాకా సబ్సిడీ పెట్టింది. దాన్ని బట్టే మొత్తం సామాను ధర ఏ స్థాయిలో ఉందో అర్థమవుతుంది. ఆరెకరాల రైతు ఇంట్లో అది ఎంత పెద్ద అప్పో నీకు తెలుసు, అందుకే ఉత్తరంలో కూడా మెల్లగా దాటేశావు. మీ నాయన "పైసలు గుంజే కత" అన్నది బహుశా డ్రోన్‌ను కాదు తమ్ముడూ, పాస్‌బుక్ బ్యాంకులో పెట్టాల్సి వస్తుందేమో అన్న టెన్షన్ అది. నువ్వేమో టెక్నాలజీ గురించి జవాబు చెప్తున్నావు, ఆయన అడగని ప్రశ్నకు. ఒక రోజు కూర్చుని లోన్ మాటే మాట్లాడు. కిస్తీ ఎంత, ఎకరాకు కిరాయి ఎంత దొరుకుతుంది, వాన రోజులు, గాలి రోజులు తీసేస్తే సీజన్లో ఎన్ని రోజులు ఎగురుతుంది, వందల సార్లు చార్జి పెట్టాక బ్యాటరీలు బలం తగ్గితే కొత్తవాటి ఖర్చెంత, రెక్క విరిగితే బాగుచేసేవాడు నల్లగొండలో ఉన్నాడా, హైదరాబాద్ పోవాలా, ఈ లోపు ఇంకో నాలుగు డ్రోన్లు మీ మండలానికి వస్తే కిరాయి ఎంతకు దిగుతుంది. మీ అమ్మ పొదుపు సంఘంలో ఉంటే సంఘం పేరు మీద వచ్చే వీలుందేమో కనుక్కో, ఆమె మాట నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నా మాటైతే, కొనడం పక్కనపెట్టి ఒక సీజన్ వేరేవాళ్ల డ్రోన్ మీద పైలట్‌గా జీతానికి పని చెయ్. బురద ఎత్తిపోసే పని ఎంతుందో అప్పుడు తెలుస్తుంది.

ట్రైనింగ్ మాత్రం మానొద్దు, పని నేర్చుకుంటే పోయేదేమీ లేదు. కాకపోతే ఫీజు కట్టే ముందు ఆ సంస్థకు డీజీసీఏ (కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూసుకో, మందు కొట్టే సైజు డ్రోన్‌కు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి, అది గుర్తింపు ఉన్న చోట నేర్చుకుంటేనే వస్తుంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండి పదో తరగతి పాసైతే చాలు, కాబట్టి "మీ డిగ్రీకి స్పెషల్ సీటు" అని ఎవరైనా ఎక్కువ అడిగితే ఇవ్వకు. ఫ్లెక్సీ మీద "100 శాతం ఉద్యోగం గ్యారంటీ" అని ఉంటే పోయిన బ్యాచ్ వాళ్లలో ఇద్దరి నంబర్లు అడిగి, ఫోన్ చేసి, ఇప్పుడు ఎక్కడ ఎగరేస్తున్నారో కనుక్కో. నంబర్లు ఇవ్వకపోతే వేరే సంస్థ చూసుకో.